డ్యూటీ చార్ట్‌లో కనిపించని గంటలు: మీ రోజు అసలు ఎలా గడుస్తుందో చెప్తారా? (ఇద్దరికీ షిఫ్టులు ఉన్న ఇళ్లవాళ్లు తప్పకుండా రాయండి)

జమ్మికుంట_కుర్రోడు:

అందరికీ నమస్తే. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిక చేసుకుని చదవండి. నెలలోపు ఒక నిర్ణయం చెప్పాలి.

మాది జమ్మికుంట. హైదరాబాద్‌లో రెండేళ్లుగా అమెరికా షిఫ్ట్ చేస్తున్నా, కస్టమర్ సపోర్ట్‌లో. ఇప్పుడు రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌గా సెలెక్ట్ అయ్యాను, ఏ-1 మెడికల్ (ఇంజన్ నడిపేవాళ్లకు చేసే ఆరోగ్య పరీక్ష) కూడా అయిపోయింది. మాఘమాసంలో పెళ్లి. అమ్మాయి హనుమకొండలో స్టాఫ్ నర్సు. అంటే రేపు నేను ఏ ఉద్యోగంలో ఉన్నా ఇంట్లో ఇద్దరికీ షిఫ్టులే.

"సర్కారు కొలువు వచ్చినంక ఇంకా ఆలోచన ఏంది బిడ్డా" అంటోంది అమ్మ. ఆమె మాట నాకు అర్థమవుతుంది. మా నాన్న పత్తి మార్కెట్లో హమాలీ. సీజన్‌లో పత్తి బండ్లు ఎప్పుడొస్తే అదే ఆయన టైం, ఎప్పుడు ఖాళీ అయితే అప్పుడే ఇల్లు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి దసరా దాటిందంటే సంక్రాంతి పోయేదాకా నాన్న పగటి పూట మాతో కూర్చుని అన్నం తిన్నది గుర్తు లేదు. చీకటితో పోయేవాడు, రాత్రి తొమ్మిదికి వచ్చి వీపుకు అమ్మతో కొబ్బరినూనె రాయించుకుని పడుకునేవాడు. సీజన్ లేనప్పుడు మళ్లీ రోజంతా ఇంటి ముందు అరుగు మీదే. అదొక రకం బాధ, పని లేక.

ఇప్పుడు నా రోజు చెప్తా. లాగిన్ సాయంత్రం ఆరున్నర, లాగౌట్ తెల్లవారుజామున మూడున్నర. కాగితం మీద తొమ్మిది గంటలు. కానీ క్యాబ్ నాలుగూ ముప్పావుకే వస్తుంది, ఐదుగురిని ఎక్కించుకుంటూ తిరిగి తిరిగి ఆఫీసు చేరుస్తుంది. తిరుగు దారిలో నాది ఆఖరి డ్రాప్, ఇంటికి వచ్చేసరికి ఐదు. అంటే పన్నెండు గంటల పైమాటే. కర్టెన్లు వేసుకుని పడుకుంటే పదకొండింటికి కింద పాల ప్యాకెట్లవాడూ కూరగాయల బండి మైకూ లేపేస్తాయి. నవంబర్ మొదటి ఆదివారం అక్కడ గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు, ఆ సోమవారం నుంచి మా షిఫ్ట్ ఏడున్నరకు మారుతుంది. మార్చి రెండో ఆదివారం మళ్లీ ఆరున్నరకు వస్తుంది. ఏడాదికి రెండుసార్లు నిద్ర మొదటి నుంచీ నేర్చుకోవాలి.

అందుకే అడుగుతున్నా. "మాది 8 గంటల డ్యూటీ" అని ఒక్క ముక్కలో చెప్పకండి. ఇంట్లోంచి ఎన్నింటికి బయటపడతారు, ఎన్నింటికి మళ్లీ చెప్పులు విడుస్తారు, అన్నం ఎప్పుడు ఎక్కడ తింటారు, ఎన్ని గంటలు నిద్రపోతారు, వారంలో ఇంట్లోవాళ్లతో కలిసి ఎన్ని పూటలు తింటారు. ఇవి చెప్పండి. రైల్వే రన్నింగ్ స్టాఫ్ (బండ్లు నడిపే సిబ్బంది) ఎవరైనా ఉంటే మరీ మంచిది.


రన్నింగ్_ఫ్యామిలీ:

తమ్ముడూ, నేను ఉద్యోగిని కాదు, మా ఆయన గూడ్స్ లోకో పైలట్. పదకొండేళ్లు అయింది పెళ్లయి, అందులో ఐదేళ్లు ఆయన అసిస్టెంట్‌గానే ఉన్నారు, కాబట్టి నువ్వు అడిగిన దానికి ఆయనకన్నా నేనే బాగా చెప్పగలను, ఎందుకంటే ఆయన ఇంట్లో లేని గంటలు లెక్కపెట్టింది నేను.

గూడ్స్‌లో "రోజు" అనేది ఉండదు. ముందు ఆ మాట మర్చిపో. డ్యూటీకి రమ్మని కాల్ వస్తుంది, రెండు గంటల్లో లాబీలో (డ్యూటీకి హాజరు వేసుకునే ఆఫీసు) ఉండాలి. ఆ కాల్ పొద్దున పదింటికి రావచ్చు, రాత్రి ఒంటి గంటా ఇరవై నిమిషాలకు రావచ్చు. ఒంటి గంటా ఇరవైకి వస్తే మా ఇంట్లో ఏం జరుగుతుందో చెప్తా. ఆయన స్నానానికి వెళ్తారు. నేను లేచి సాయంత్రమే కడిగి పెట్టుకున్న బియ్యం కుక్కర్‌లో పెడతా, పప్పు ఉంటే పప్పు, లేదంటే టమాటా పచ్చడి, రెండు పూటలకు సరిపడా క్యారేజీ, ఒక డబ్బాలో పెరుగన్నం వేరేగా. పెరుగన్నం మధ్యాహ్నానికి పులవకుండా పాలు ఎక్కువ పోసి తోడుకు ఒక్క చెంచా మజ్జిగ వేస్తా. మూడింటికల్లా ఆయన బండి స్టార్ట్ చేసిన చప్పుడు వినిపిస్తుంది. పాప లేవకుండా గేటు మెల్లగా వేసి వచ్చి పడుకుంటా, కానీ నిద్ర పట్టదు.

లాబీలో సైన్ ఆన్ (డ్యూటీ ఎక్కినట్టు నమోదు) చేయాలి, మద్యం తాగలేదని ఊది చూపించాలి, కాగితాలు చూసుకోవాలి, ఆ తర్వాతే ఇంజన్. ఫోన్ ఆఫ్. ఇంజన్ ఎక్కాక ఆయనకు ఫోన్ చేసి "పాపకు జ్వరం" అని చెప్పే వీలుండదు, ఇది పెళ్లికూతురికి ముందే చెప్పు. ఎర్ర సిగ్నల్ పడి లూప్ లైన్లో (వేరే బండికి దారిచ్చే పక్క పట్టాల మీద) మూడు గంటలు నిలబడ్డా ఆ మూడు గంటలూ ఇంజన్‌లోనే. చాలా ఇంజన్లలో బాత్రూమ్ ఉండదు, ఇప్పుడిప్పుడే కొన్నింటిలో పెడుతున్నారు.

అటు వైపు చేరాక రన్నింగ్ రూమ్‌లో పడుకుంటారు, వంటవాళ్లు ఉంటారు, మంచాలు శుభ్రంగానే ఉంటాయి. ఎనిమిది గంటలు రెస్ట్ అయ్యాక తిరుగు బండి ఎప్పుడు దొరికితే అప్పుడు. కాబట్టి బయటికి వెళ్లిన మనిషి ఒక్క రోజులో తిరిగి రావచ్చు, రెండో రోజు రాత్రికీ రావచ్చు.

కలిసి తినే పూటలు అడిగావు కదా. నేను వంటింట్లో క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుంటా, ఆయన ఇంట్లో తిన్న పూటకు ఒక చుక్క. పోయిన నెల పంతొమ్మిది చుక్కలు. అందులో పాప కూడా మెలకువగా ఉండి ముగ్గురం కలిసి తిన్నవి పన్నెండు.

నిన్ను భయపెట్టడానికి రాయలేదు. ఆయనకు ఇంజన్ అంటే ప్రాణం, ఇంటికొచ్చి ఆ బండి ఎంత బరువు లాగిందో, ఘాట్‌లో ఎలా ఎక్కిందో చెప్తుంటే ముఖం వెలిగిపోతుంది. జీతం నెలనెలా తప్పకుండా పడుతుంది. మా అత్తగారికి రైల్వే ఆసుపత్రిలో ఆపరేషన్ జరిగింది. ఇవన్నీ కూడా లెక్కలో వేసుకో.


రిటైర్డ్_మెయిల్:

చెల్లెమ్మ చెప్పినవి అక్షరాలా నిజం. నేను అసిస్టెంట్‌గా చేరి, షంటింగ్, గూడ్స్, ప్యాసింజర్, చివరికి మెయిల్ (ఎక్స్‌ప్రెస్ బండ్లు) వరకు వచ్చి రిటైరయ్యాను. బాబూ, నీకు రూల్స్ కూడా తెలియాలి కాబట్టి అవి రాస్తాను.

రైలు కదిలిన దగ్గర నుంచి 9 గంటలు, సైన్ ఆన్ నుంచి సైన్ ఆఫ్ దాకా 11 గంటలు, ఇది మామూలు హద్దు. హెడ్‌క్వార్టర్‌కి (మన సొంత స్టేషన్‌కు) వచ్చాక, చేసిన డ్యూటీ 8 గంటలో అంతకన్నా ఎక్కువో అయితే 16 గంటల రెస్ట్, తక్కువైతే 12. ఇది వినడానికి బాగుంటుంది. కానీ పొద్దున ఎనిమిదింటికి దిగిన వాడికి 16 గంటలంటే రాత్రి పన్నెండు. పగలు పడుకోవాలి, రాత్రికి సిద్ధమవ్వాలి. ఇంట్లో వాళ్లంతా తిరుగుతున్నప్పుడు నువ్వు నిద్రపోతావు, వాళ్లు పక్కలు వేసుకునే వేళకు నువ్వు షూ లేసులు కట్టుకుంటావు. వారపు సెలవు అంటే మాకు ఆదివారం కాదు, నెలలో నాలుగుసార్లు 30 గంటలు, లేదా ఐదుసార్లు 22 గంటలు. ఈ 30లోనే ఆ 16 కలిసిపోకూడదు, రెండూ కలిపి 46 ఇవ్వాలి అనేది లోకో పైలట్ల పాత డిమాండ్, ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

ఇక మంచి మాట. ఎప్పుడు కాల్ వస్తుందో తెలియకపోవడం గూడ్స్‌లో ఉన్నంత కాలమే. ప్యాసింజర్, మెయిల్‌కు వచ్చాక లింక్ ఉంటుంది, అంటే ఏ రోజు ఏ బండి అనేది ముందే తెలుస్తుంది. నేను మెయిల్‌కు వచ్చాకే నా కొడుకు స్కూల్లో పేరెంట్స్ మీటింగ్‌కు మొదటిసారి వెళ్లాను. అప్పటికి వాడు తొమ్మిదో తరగతి.

ఒక సలహా చెబుతాను, తప్పుగా అనుకోకు. ఇంట్లో ఒకరిది కుదురుగా ఉండాలి. మా ఆవిడ పెళ్లికి ముందు టీచరుగా చేసేది, మానేసింది, దానివల్లే మా ఇల్లు నడిచింది. అమ్మాయి చేత ఉద్యోగం మాన్పించమని చెప్పను గానీ ఆలోచించుకోండి.


డే_అవుట్_అక్క:

పెద్దాయన అనుభవానికి దండం పెడతా, కానీ చివరి మాట దగ్గర ఆగాల్సి వచ్చింది. సార్, ఆవిడ మానేస్తే ఇల్లు నడిచింది సరే, ఆవిడ పాఠం చెప్పిన పిల్లలు ఆవిడను పోగొట్టుకున్నారు కదా. నర్సు కూడా అంతే. ఆ అమ్మాయి ఏం చేయాలో ఆ అమ్మాయే చెప్పాలి.

నేను బస్ కండక్టర్‌ని. నైట్ అవుట్లు (రాత్రి బయట ఊళ్లో ఉండే డ్యూటీలు) నాకు వేయరు, డే అవుటే (అదే రోజు తిరిగొచ్చేది). మొదటి బస్సు 5:10కి. అంటే మూడున్నరకు లేచి, నాలుగుంబావుకు స్కూటీ మీద బయలుదేరి, డిపోలో టిమ్ మిషన్ (టికెట్లు కొట్టేది), బ్యాగు తీసుకుని, డ్రైవరన్నతో కలిసి బస్సు బయటికి తీయించాలి. చట్టంలో (మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్లది, 1961లోది) పని 8 గంటలు, మధ్య ఖాళీలు కలుపుకుని మొత్తం సాగేది 12 గంటలు దాటకూడదని ఉండేది. ఆ మధ్య ఖాళీ ఎక్కడ వస్తుందనేదే అసలు విషయం. మా ఇల్లు ఒక చోట, ఖాళీ వచ్చేది బస్టాండ్‌లో. ఆ గంటన్నర నాది అనుకోవాలా డ్యూటీది అనుకోవాలా? కూర్చునేది బల్ల మీదే కదా.

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఉచితం అయ్యాక చాలామంది అనుకుంటారు, టికెట్ కొట్టే పని తగ్గిందని. జీరో టికెట్ కూడా కొట్టాలి. ప్రతి ఒక్కరి ఆధార్ చూడాలి, మిషన్ నొక్కాలి, చింపి ఇవ్వాలి. బస్సు నిండుగా ఉంటే ముందు డోర్ నుంచి వెనక డోర్ దాకా చేరేలోపు రెండు స్టేజీలు దాటిపోతాయి. నేను ఈ పథకానికి వ్యతిరేకం కాదు, మిర్చి ఏరడానికి పోయే ఆడవాళ్లు రోజుకు అరవై రూపాయలు మిగిలిందని చెప్తుంటే సంతోషం. సాయంత్రానికి కుడి బొటనవేలు మాత్రం మొద్దుబారిపోతుంది.

మధ్యాహ్నం రెండున్నరకు ఆఖరి ట్రిప్, క్యాష్ లెక్కపెట్టి కట్టేసరికి మూడుంబావు, ఇంటికి నాలుగు. చివరి స్టాపు ఊళ్లో బాత్రూమ్ లేదు, బస్సు ఆగే చోట ఒక అవ్వ వాళ్ల ఇల్లు తెరిచి పెడుతుంది నాకోసం. సంక్రాంతికి ఆమెకు చీర పెడతా.

ఇప్పుడు నీ ప్రశ్నకు ఇంకో కోణం తమ్ముడూ. మా ఆయన పోచంపల్లి చీరలు నేస్తాడు, గుంట మగ్గం ఇంట్లోనే. మనిషి రోజంతా ఇంట్లో ఉంటాడు. పిల్లలు స్కూలు నుంచి వస్తే తలుపు తీసేది ఆయనే. కానీ ఆయన రోజుకు మొదలూ చివరా లేవు. నేత ఒక్కటే పని కాదు, చిటికి కట్టాలి (రంగు అంటకూడని చోట దారం బిగించి కట్టడం), రంగులద్దాలి, కండెలు చుట్టాలి, అచ్చు అతకాలి. మా అత్తమ్మ చేత్తో ఆసు పోసేది (నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పడం), ఒక చీరకు నాలుగైదు గంటలు చెయ్యి అటూ ఇటూ ఆడిస్తూనే ఉండాలి, ఇప్పటికీ ఆమె కుడి భుజం పైకి లేవదు. చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ ఆ బాధ పడటం చూడలేక ఆసు యంత్రం చేశారు (2017లో పద్మశ్రీ ఇచ్చారు ఆయనకు), అది మా వీధికి వచ్చాక మా ఇంట్లో ఒక మనిషి పూట ఖాళీ అయింది.

పెళ్లి సీజన్‌లో ఆర్డర్ ఉంటే ఆయన రాత్రి పదకొండు దాకా గుంటలో కాళ్లు పెట్టుకునే ఉంటాడు. "అన్నానికి రా" అంటే "ఈ పువ్వు అయిపోనీ" అంటాడు. ఇంట్లోనే ఉంటాడు, అయినా పళ్లెం ముందుకు రాడు. నేను బయటికి పోతాను గానీ నాలుగు దాటితే పూర్తిగా ఇంటి మనిషిని. అందుకే గంటలు ఎన్ని అనేది ఒక్కటే చూడొద్దు, పని నిన్ను వదిలిపెట్టే టైం ఒకటి ఉందా లేదా చూడు.


జమ్మికుంట_కుర్రోడు:

అక్కా, "పని వదిలిపెట్టే టైం" అన్న మాట రాసి పెట్టుకున్నా. రన్నింగ్ ఫ్యామిలీ అక్కా, మీ క్యాలెండర్ చుక్కల సంగతి తనకు ఫోన్‌లో చదివి వినిపించాను, చాలాసేపు ఏం మాట్లాడలేదు. పెద్దాయనా, మీ మాట తప్పుగా అనుకోలేదు, కానీ తను ఉద్యోగం మానదు, నేనూ అడగను. ఐసీయూలో రెండేళ్లు చేసింది, ఆ పని అంటే తనకు ఇష్టం.

నర్సులు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?


వార్డు_సిస్టర్:

ఉన్నాను బాబూ. విశాఖ వైపు, పద్నాలుగేళ్ల సర్వీసు. మా ఆయనది ఫార్మా కంపెనీ, ఏ షిఫ్ట్ 6 నుంచి 2, బీ షిఫ్ట్ 2 నుంచి 10, సీ షిఫ్ట్ రాత్రి 10 నుంచి 6. నాది మార్నింగ్ 8 నుంచి 2, ఆఫ్టర్‌నూన్ 2 నుంచి 8, నైట్ మాత్రం 8 నుంచి 8, పన్నెండు గంటలు. నువ్వు అడుగుతున్న ఇల్లు మాదే.

ముందు నర్సు రోజు చెప్తాను, ఆ అమ్మాయి చెప్పకపోయి ఉండొచ్చు. ఎనిమిదింటి డ్యూటీకి ఏడూ నలభైకే వార్డులో ఉండాలి, హ్యాండోవర్ కోసం. రాత్రి సిస్టర్ ఒక్కో మంచం దగ్గరికి తీసుకెళ్లి చెప్తుంది, ఎవరికి ఏ మందు పడింది, ఎవరికి సెలైన్ అయిపోతోంది, ఎవరికి మూత్రం ఎంత వచ్చింది, ఎవరు రాత్రంతా పడుకోలేదు. అక్కడ ఒక్క మాట జారితే పేషెంట్‌కు ప్రమాదం, కాబట్టి తొందరపడి వినేది కాదు. రెండింటికి డ్యూటీ అయిపోయిందంటే నేను కూడా అలాగే అప్పజెప్పి, చార్టులు పూర్తి చేసి బయటపడేసరికి రెండూ నలభై. సరిగ్గా రెండింటికే ఏ పేషెంటైనా సీరియస్ అయితే మూడున్నర. ఎవరూ ఆపరు, మన కాళ్లే కదలవు. టిఫిన్ ఇంట్లో తింటే తిన్నట్టు, లేకపోతే పదకొండింటికి నిలబడి రెండు ఇడ్లీలు.

నైట్ డ్యూటీ మర్నాడు మనిషి మనిషిలా ఉండదు. ఆ రోజు తనతో ఏ గొడవా పెట్టుకోకు, ఏ నిర్ణయమూ అడగకు, చుట్టాలను పిలవకు. తలుపేసి పడుకోనివ్వు.

మాకు బాబు పుట్టాక మొదటి మూడేళ్లు ఎలా గడిచాయంటే, నేను మార్నింగ్ డ్యూటీకి వెళ్లే వేళకు ఆయన సీ షిఫ్ట్ నుంచి వస్తాడు. కంపెనీ బస్సు దిగే జంక్షన్ దగ్గర నేను బాబును ఎత్తుకుని నిలబడేదాన్ని. ఆయన బస్సు దిగి బాబును తీసుకోవడం, నేను ఆటో ఎక్కడం. పాలు ఎప్పుడు తాగాడు, విరేచనం అయిందా లేదా, మందు వేశానా లేదా, ఇదంతా ఆ రెండు నిమిషాల్లో చెప్పేదాన్ని. నాకు అచ్చం వార్డు హ్యాండోవర్‌లానే ఉండేది. ఒకరోజు బాబు ఆయన చేతుల్లోకి వెళ్తూ నా కొంగు గట్టిగా పట్టుకున్నాడు, ఆటోవాడు హారన్ కొడుతున్నాడు, పిన్నీసు తీసేసి కొంగు విడిపించుకుని ఎక్కాను. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

మేం నేర్చుకున్నది ఒకటి ఉంది. మొదట్లో ఇద్దరికీ ఒకే షిఫ్ట్ పడేలా చూసుకునేవాళ్లం, కలిసి ఉండొచ్చని. పిల్లలు పుట్టాక అది పనికిరాదు. షిఫ్టులు ఎలా పడినా పర్వాలేదు, ఆఫ్‌లు మాత్రం కలవాలి. మా వార్డులో రిక్వెస్ట్ బుక్ ఉంటుంది, రోస్టర్ వేసే ముందు అందులో రాస్తే ఇంచార్జి సిస్టర్ వీలైనంత వరకు చూస్తుంది. ఆయన ఆఫ్ తారీకులు ముందే తెలుసుకుని నెలకు మూడు ఆఫ్‌లు కలుపుకుంటాను. నాలుగోది నాకోసం, నిద్రకు.

నీకు చిక్కు ఎక్కడంటే, గూడ్స్‌లో నీ రెస్ట్ తారీకు ముందే తెలియదు. కాబట్టి తన ఆఫ్ నీ రెస్ట్‌కు కలవడం కష్టం. ఐసీయూ ఇష్టమంటున్నావు కాబట్టి మారమని చెప్పను. పిల్లలు పుట్టినప్పుడు కావాలంటే ఓపీ, డయాలసిస్ లాంటి చోట్ల రాత్రులు తక్కువ, కొన్నాళ్లు అటు వెళ్లి మళ్లీ రావచ్చు. అది తను అడిగినప్పుడు.


దోహా_నుంచి_జగిత్యాల:

అన్నా, మీరంతా వారానికి ఎన్ని పూటలు అంటుంటే నేను ఏడాదికి లెక్కేసుకుంటున్నా. నాది ఖతర్‌లో కన్‌స్ట్రక్షన్, షట్టరింగ్ కార్పెంటర్. రెండేళ్లకు ఒకసారి రెండు నెలలు ఇల్లు.

ఇక్కడ జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఎండలో పని చేయించకూడదని రూల్. అందుకని ఎండాకాలంలో మా పని తెల్లారకముందే మొదలవుతుంది. రెండున్నరకు లేస్తాం, క్యాంపు కిచెన్‌లో స్టవ్వుల దగ్గర లైను, మా రూంలో ఎనిమిది మందికి ఇద్దరం వంట పెట్టుకుంటాం వంతులవారీగా. మూడున్నరకు బస్సు. నాలుగింటికి సైటు. పదింటికి దిగిపోతాం.

ఒక్క సంగతి చెప్పాలని రాస్తున్నా. ఇక్కడ పది అంటే మన దగ్గర పన్నెండున్నర. రూంకి వచ్చి స్నానం చేసి పదకొండింటికి అన్నం ముందు కూర్చుంటే ఇంటి దగ్గర ఒకటిన్నర, మా ఇంట్లో వాళ్లు కూడా పొలం నుంచి వచ్చి అప్పుడే తింటారు. వీడియో కాల్ పెట్టి ఫోన్ నీళ్ల సీసాకు ఆనించి తింటా. నా బిడ్డ అక్కడ నుంచి "నాన్నా ముద్ద పెట్టు" అని నోరు తెరుస్తుంది. చలికాలం వచ్చిందంటే పని టైం మారుతుంది, ఆ పూట పోతుంది. ఎండ 45 డిగ్రీలున్నా నాకు ఎండాకాలమే మంచిగ అనిపిస్తుంది.

రైల్వే వస్తే వదలకు అన్నా. మీ ఇంటికీ నీకూ మధ్య ఒక్క రోజు దూరమే.


ఖని_బిడ్డ:

మా నాన్న సింగరేణి, అండర్‌గ్రౌండ్. ఫస్ట్ షిఫ్ట్ 7 నుంచి 3, సెకండ్ 3 నుంచి 11, నైట్ 11 నుంచి 7, వారం వారం మారేది. అప్పటి గనుల చట్టంలో అండర్‌గ్రౌండ్ వాళ్లకు రోజుకు 8 గంటలే. మస్టర్ (హాజరు) పడాలి, లైటు తీసుకోవాలి, బాయిలోకి (గనిలోకి) దిగి పని చోటికి చేరాలి, మళ్లీ పైకి వచ్చి లైటు అప్పజెప్పి స్నానం చేయాలి. ఇల్లు దగ్గరే కాబట్టి పదిన్నర గంటల్లో అంతా అయిపోయేది.

నేను పిల్లల వైపు నుంచి చెప్తా. నైట్ షిఫ్ట్ వారం అంటే మా ఇంట్లో పగలు మిక్సీ పట్టరు. కుక్కర్ విజిల్ రాకముందే అమ్మ బరువు ఎత్తి గరిటెతో ఆవిరి వదిలేది. మేం వాకిట్లో గోలీలాడినా మాట బయటికి రానిచ్చేవాళ్లం కాదు, పక్కింటివాళ్లు కూడా వాళ్ల పిల్లలను "మీ మామ నైట్ షిఫ్ట్ రా" అని అదిలించేవాళ్లు. క్వార్టర్స్‌లో అందరికీ అదే బతుకు కాబట్టి అందరూ ఒకరి నిద్ర ఒకరు కాపాడేవాళ్లు. ఫస్ట్ షిఫ్ట్ వారం మాకు పండగ. నాలుగున్నరకల్లా నాన్న ఇంట్లో, కళ్ల చుట్టూ బొగ్గు గీత ఎంత కడిగినా కాటుకలా ఉండేది, ఆ కళ్లతోనే మా లెక్కల నోటుబుక్ చూసేవాడు.

తమ్ముడూ, నువ్వు ఇల్లు ఎక్కడ తీసుకుంటావో అదీ ఆలోచించుకో. రైల్వే క్వార్టర్స్ దొరికితే అక్కడే ఉండు. పగలు పడుకునే మనుషులు ఉన్న వీధిలో ఇల్లుంటే సగం కష్టం తీరుతుంది. ఇప్పుడు నువ్వు ఉన్న చోట కూరగాయల మైకు నిన్ను లేపుతోందంటే ఆ వీధికి నీ డ్యూటీ తెలియదు కాబట్టే.


జమ్మికుంట_కుర్రోడు:

పది రోజులైంది, ఇప్పుడు రాస్తున్నా. అందరి మాటలూ ప్రింట్ తీసి హనుమకొండ తీసుకెళ్లాను. తనది పోయిన నెల రోస్టర్ తెచ్చింది. నేను మా ఊరి సీనియర్ ఒకన్ని (కాజీపేటలో అసిస్టెంట్ లోకో పైలట్) బతిమాలి అతని డ్యూటీ డైరీ నెల రోజులది ఫోటో తీసుకున్నా. అతని డ్యూటీ నాదే అనుకుని, రెండూ పక్కపక్కన పెట్టి గంట గంటకూ గీతలు గీశాం. తన ఆఫ్ రోజుల్లో నేను బండి మీద ఉన్నవి రెండు. ఇద్దరం ఇంట్లో ఉండి, ఇద్దరం మెలకువగా ఉన్న పూటలు పదిహేడు.

తర్వాత ఇప్పుడు నేను చేస్తున్న అమెరికా షిఫ్ట్‌తో గీశాం. తను హైదరాబాద్‌లో ఏదో ఆసుపత్రిలో చేరితే అనుకుని. తొమ్మిది వచ్చాయి. తన మార్నింగ్ డ్యూటీ అయి ఇల్లు చేరేసరికి నా క్యాబ్ వచ్చేస్తుంది.

జాయిన్ అవుతున్నా. తను ఐసీయూలోనే ఉంటుంది. కాజీపేటకే పోస్టింగ్ వస్తుందన్న గ్యారంటీ లేదు, వస్తే క్వార్టర్స్‌కు అప్లై చేస్తా, వేరే చోట వస్తే మళ్లీ కాగితం ముందేసుకుని గీస్తాం. అమ్మకు చెప్తే ఏడ్చింది సంతోషంతో. నాన్న మాత్రం ఒక్కటే అడిగాడు, "రాత్రి బండి నడపాల్నంటే నిద్ర ఆపుకోవాలె గదా, ఆపుకుంటవా?" అని. రెండేళ్లుగా ఆపుకుంటున్నా నాన్నా అన్నా. అదీ ఇదీ ఒకటి కాదు, నీ ఎనకాల వ్యాగన్లుంటయి అన్నాడు. ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది, రెస్ట్ టైంలో నిద్ర విషయంలో దేనికీ మొహమాటపడనని ఆయనకు మాటిచ్చాను.

రన్నింగ్ ఫ్యామిలీ అక్కా, మీకు ఒక్క ప్రశ్న. తను నైట్ డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకున్నప్పుడు నాకు కాల్ వస్తే ఏం చేయాలి? మీ ఇంట్లో ఫోన్ ఎక్కడ పెడతారు?


రన్నింగ్_ఫ్యామిలీ:

చాలా సంతోషం తమ్ముడూ. పదిహేడు చుక్కలంటే తక్కువేం కాదు.

కాల్ ఫోన్ పడకగదిలో మోగకూడదు, అలాగని దూరంగా పెట్టి మిస్ కావద్దు. మా ఆయన నిద్రపోయేటప్పుడు ఫోన్ వైబ్రేషన్‌లో పెట్టి బనియన్ జేబులో వేసుకుంటారు, అందుకోసమే నేను బనియన్లకు గుండీ జేబులు కుట్టించా. పాప పుట్టిన దగ్గర్నుంచి అదే అలవాటు. యూనిఫాం, బ్యాగు, టార్చి, షూ అన్నీ హాల్లో ఒకే మూల పెట్టుకో, లైటు వేయకుండా తీసుకునేలా. క్యారేజీ తను ఇంట్లో పడుకున్న రోజు నువ్వే కట్టుకోవాలి, కాబట్టి కుక్కర్‌లో అన్నం, ఒక పప్పు, పెరుగు తోడేయడం పెళ్లిలోపు నేర్చుకో. ఖని తమ్ముడు చెప్పిన కుక్కర్ చిట్కా గుర్తుంది కదా, విజిల్ రాకుండా ఆవిరి వదిలేయడం. ముఖం వెనక్కి పెట్టి, చెయ్యి కాలకుండా జాగ్రత్తగా వదులు.